‘నా ఇల్లే’ అన్న మాట

నాది అరిచే ఉద్యోగం. తాండూరులో ఒక చెవి డాక్టరు దగ్గర వినికిడి పరీక్షలు చేస్తాను. రాళ్ల కటింగ్ మిషన్ల దగ్గర, పాలిష్ యూనిట్లలో ఏళ్ల తరబడి పనిచేసి చెవులు పోగొట్టుకున్నవాళ్లే మా దగ్గరికి ఎక్కువగా వస్తారు. వాళ్లను చిన్న గదిలో కూర్చోబెట్టి, చెవులకు హెడ్‌ఫోన్లు తగిలించి, ‘బీప్’ వినబడితే చెయ్యెత్తమని చెప్పాలి. ఆ ఒక్క ముక్క అర్థమయ్యేలా చెప్పేసరికి నా తల ప్రాణం తోకకొస్తుంది. సాయంత్రం వికారాబాద్ రైలెక్కేటప్పటికి గొంతు బొంగురుపోయి ఉంటుంది. పైగా నాకు ఓపిక తక్కువ. "నోరు మంచిదైతే ఊరు మంచిదమ్మా" అని మా డాక్టరు నాకు అప్పుడప్పుడూ హితబోధ చేస్తుంటాడు. నా నోరెలాంటిదో ఊరందరికీ తెలిసిపోయింది, ఆయనకొక్కడికే ఇంకా ఆశ.

నాలుగు భాషల్లో అరవగలను. తెలుగు నాదే. ఉర్దూ మాట్లాడితే మొదటి ముక్కకే నేనెవరినో తెలిసిపోతుంది. ‘ఖ’ గొంతు లోపలి నుంచి రావాలి, నాకు రాదు. ఒక పెద్దావిడను మర్యాదగా ‘ఖాలా’ అని పిలవబోతే ‘కాలా’ అని వచ్చింది. పిన్నీ అనబోయి నల్లదానా అన్నట్టన్నమాట. ఆవిడ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది. ఇంగ్లీషు గురించి చెప్పుకోకపోతేనే నయం, నా ‘ఇస్కూలు’ ఇప్పటికీ ఇస్కూలే. ఇక నాలుగోది కన్నడ. నలభై ఏళ్లు వచ్చాక, ఈ ఉద్యోగంలో చేరాక నేర్చుకున్నాను. ఈ గోలంతా దాని గురించే.

దానికంటే ముందు మా అమ్మ చెప్పే కథ ఒకటి చెప్పాలి. నన్ను కన్న కొద్ది రోజులకే అమ్మకు క్షయ బయటపడింది. అనంతగిరి గుట్ట మీది దవాఖానలో చేర్చారు. తగ్గి ఇంటికొస్తే మళ్లీ తిరగబెట్టింది, మళ్లీ చేరింది. నన్ను ముట్టుకోవద్దన్నారు. ఆ రోజుల్లో నాయనమ్మ నన్ను కుల్కచర్ల దగ్గరి ఊళ్లో సాకిందని, అమ్మకు పూర్తిగా నయమయ్యాక, నాకు రెండున్నరేళ్లప్పుడు నాన్న నన్ను వికారాబాద్ ఇంటికి తెచ్చాడని మా ఇంట్లో చెప్పేవారు. వచ్చిన రోజు నేను ఏడవలేదట. గది గదికీ తిరిగి, ప్రతి తలుపు వెనకా చూస్తూ "నా ఇల్లే, నా ఇల్లే" అన్నానట. చుట్టాలంతా విరగబడి నవ్వారట.

"అందరి పిల్లలు అమ్మ అని మొదలువెడ్తరు. నా బిడ్డ అడుగువెట్టంగనే ఇల్లు నాదే అన్నది" అని అమ్మ చెప్పేది. పెళ్లిళ్లలో చెప్పేది, రైల్లో పక్క సీటువాళ్లకు చెప్పేది, మా ఆయనకు పెళ్లిచూపుల్లోనే చెప్పింది. నేను విసుక్కునేదాన్ని. కానీ ఆవిడకు ఆ మాట ఎంత ముఖ్యమో నాకు తెలుసు. పాలివ్వలేదు, ఎత్తుకోలేదు, పక్కలో వేసుకోలేదు. నా పసితనం నుంచి ఆవిడకు మిగిలింది ఆ ఒక్క మాటే. గుట్ట మీద మింగిన మందులకంటే ఆ మాటే తనను బతికించిందని అనేది.

నాన్న పోయాక అమ్మ నా దగ్గరే ఉంటోంది. తాండూరులో ఉద్యోగం దొరికిందంటే మాత్రం ముఖం మాడ్చుకుంది. "గంత దూరమెందుకు? హైదరాబాద్ దిక్కు సూస్కోరాదు?" అంది. వికారాబాద్ నుంచి హైదరాబాద్ ఇంకా దూరమని ఆవిడకు తెలియక కాదు. ముసలితనపు చాదస్తమని నవ్వి ఊరుకున్నాను.

మా దగ్గర పనిచేసే సిస్టర్‌ది కర్ణాటకలోని సేడం. నాకు కన్నడ నేర్పింది ఆ అమ్మాయే. కుంద్రి అంటే కూర్చోండి, కై ఎత్రి అంటే చెయ్యెత్తండి, అంజబ్యాడ్రి అంటే భయపడకండి. మొదటి రోజు మధ్యాహ్నం టిఫిన్ డబ్బాలు కడుక్కుంటూ ఆ మూడు ముక్కలూ తను అంటుంటే నేను తిరిగి అన్నాను. సిస్టర్ నల్లా కట్టేసింది.

"మీదేవూరు మేడం?"

"వికారాబాద్. నీకెరుకే గదా."

"గది గాదు. మీ అమ్మగారిది?"

"ఆమెదీ కుల్కచర్ల దిక్కే. ఏమైంది?"

"మరి గీ రాగం యాడికెల్లి వచ్చింది?" అంది. "నేను జెప్పినట్టు అంటలేరు మీరు. నాది సేడం మాట. మీది చించోళి దిక్కు పాత ఆడోళ్ల మాట. ఆఖర్ల గట్ల పైకి లేపి ఇడిచిపెట్టుడు మా అమ్మమ్మ తోటోళ్లకే వస్తది."

ఏదో కుదిరిందిలే అనుకున్నాను. కానీ ఆ వారం నుంచే మొదలైంది. సరిహద్దు అవతలి నుంచి వచ్చిన ఆడవాళ్లు నేను నోరు విప్పగానే తల తిప్పి చూసేవారు. "యావూరవ్వా?" అనేవారు. ఏ ఊరమ్మా అని. వికారాబాద్ అంటే నమ్మేవారు కారు. ఒకావిడైతే సిస్టర్‌ను పక్కకు పిలిచి, ఈమె ఎందుకు అబద్ధం చెబుతోందని అడిగింది. నాకు మొదట్లో గర్వంగా ఉండేది. ఉర్దూలో ఇన్నేళ్లుగా నవ్వులపాలైన నోరు ఇక్కడ రాణిలా చలామణి అవుతుంటే ఎవరికి బాగుండదు?

ఒకరోజు సరదాకు ఫోనులో రికార్డు చేసుకున్నాను. రెండు వాక్యాలు తెలుగులో, రెండు కన్నడలో. రైల్లో కూర్చుని విన్నాను. తెలుగు నాదే, గరుగ్గా, ఎవరినో దెబ్బలాడుతున్నట్టు ఉంది. కన్నడ మొదలవగానే అందులో ఇంకెవరో మాట్లాడారు. నిదానంగా, మెత్తగా, నాకంటే వయసున్న మనిషిలా. ధారూరు దాటేదాకా మళ్లీ మళ్లీ విన్నాను. ఆ రాగం మార్చి సిస్టర్‌లా పలకాలని గొణుక్కుంటూ ప్రయత్నించాను, నాలుక మొండికేసింది. ఎదురు సీటాయన నా వైపు వింతగా చూసి కిటికీ వైపు తిరిగాడు. సరదా అంతా దిగిపోయింది. ఫోను సంచిలో పెట్టేశాను.

డాక్టరునడిగితే ఆయన తేలిగ్గా చెప్పేశాడు. "పసిపిల్లలకు మాటలు రాకముందే చెవి పని చేస్తుందమ్మా. ఆ వయసులో రోజూ విన్న పలుకు లోపల పడిపోతుంది. తర్వాత ఆ భాష వదిలేస్తే మాటలు మరిచిపోతారు, పలుకు మాత్రం ఎక్కడో ఉండిపోవచ్చు. ఉర్దూ మీరు పెద్దయ్యాక విన్నారు, అందుకే రాలేదు. కన్నడ ఎప్పుడో విని ఉంటారు."

"నేనెప్పుడు విన్నాను? నాయనమ్మకు కన్నడ ముక్క రాదు" అన్నాను.

"మీరు చెప్పలేరు. ఆ వయసు ఎవరికీ గుర్తుండదు" అన్నాడాయన, తర్వాతి పేషెంటును పిలుస్తూ.

నాకు ఒళ్లు మండింది. నా నోట్లో ఉన్నదేమిటో నాకు తెలియకపోవడమేమిటి!

వానాకాలం మొదట్లో ఒక ముసలాయన వచ్చాడు. క్వారీలో రాయి కొట్టి కొట్టి రెండు చెవులూ దాదాపు పోయాయి. ఏ బీప్‌కూ చెయ్యి లేవలేదు. శబ్దం ఎంత పెంచినా అలాగే కళ్లు మూసుకుని కూర్చున్నాడు. హెడ్‌ఫోను ఒక పక్క తీసి తెలుగులో అరిచాను, లాభం లేదు. నా ఓపిక అయిపోయింది. వంగి చెవి దగ్గర, మామూలు గొంతుతోనే "అంజబ్యాడ, కై ఎత్తు" అన్నాను.

ముసలాయన కళ్లు తెరవలేదు. తల మాత్రం నా వైపు తిప్పాడు. ముఖమంతా విచ్చుకుంది. "వైనీ, యావాగ బంది?" అన్నాడు.

తలుపు దగ్గర సిస్టర్ కదలకుండా నిలబడిపోయింది. ఏమన్నాడని సైగ చేశాను.

"వదినా, ఎప్పుడొచ్చినవ్ అంటున్నడు" అంది.

అప్పుడు ఆయన కళ్లు తెరిచి నన్ను చూశాడు. అంతటి భయం నేను ఒక మగవాడి ముఖంలో ఎప్పుడూ చూడలేదు. హెడ్‌ఫోను లాగేసి గోడకు ఆనుకున్నాడు. సిస్టర్ నీళ్లిచ్చి, చెవిలో అరిచి, సైగలు చేసి ఎలాగో మాట్లాడించింది. పాలిష్ యూనిట్ల వెనక గల్లీలో ఉంటాడట. వరుసకు అన్న భార్య ఒకావిడ పక్కింట్లోనే ఉండేదట. పోయి చాలా ఏళ్లయిందట. గొంతు ఆమెదే, మనిషి మాత్రం ఎవరో తెలియడం లేదన్నాడు. పరీక్ష వద్దని లేచి వెళ్లిపోయాడు.

మర్నాడు మధ్యాహ్నం సిస్టర్‌ను వెంటబెట్టుకుని ఆ గల్లీకి వెళ్లాను. వెళ్లవద్దని నాకే అనిపించింది, కానీ ఏదైనా తేలేదాకా ఊరుకునే రకం కాదు నేను. గల్లీలో ఇళ్ల ముందు దడికి బదులు నిలువెత్తు బండలు పాతి ఉన్నాయి, నాపరాయి ముక్కలు. రాతిపొడి పడి అంతా తెల్లగా ఉంది. మిషన్లు ఆ రోజు బందున్నాయి, ఎక్కడా చప్పుడు లేదు. ఒక ఇంటి ముందు నిలబడి "యారర అదారేన్రీ?" అని పిలిచాను, ఎవరైనా ఉన్నారా అని. లోపల గిన్నె కింద పడింది. ఒక ముసలావిడ గుమ్మంలోకి వచ్చింది. ముందు నా పాదాల వైపు చూసింది. అవి తిన్నగానే ఉన్నాయని నిశ్చయం చేసుకున్నాక ముఖం వైపు చూసింది.

"నువ్వు మున్షీ బిడ్డవు గదూ?" అంది తెలుగులో. "గుట్ట మీది దవాఖానల ఉన్నామె బిడ్డవు."

మా నాన్న అప్పట్లో తాండూరులో ఒక పాలిష్ యూనిట్‌లో లెక్కలు రాసే మున్షీ. అది నాకు తెలుసు. మిగతాది ఆవిడ చెప్పింది. ముసలాయన వదినా అని పిలిచిన ఆ పక్కింటి చించోళి ఆవిడకు అప్పుడే పుట్టిన బిడ్డ పోయింది, పాలున్నాయి. నాన్న నన్ను తువ్వాల్లో చుట్టి తెచ్చి ఆమె ఒళ్లో పెట్టాడు. నాయనమ్మ నన్ను రెండు పూటలు కూడా సాకలేదు. రెండున్నరేళ్లూ నేను ఆ బండల మధ్యే పెరిగాను. ఆమెకు తెలుగు రాదు, నాకు ఆమె మాట తప్ప ఇంకేదీ రాదు.

"నీతోని ఒకటే ఆట ఆమెకు" అంటూ ముసలావిడ నిలువు బండ వెనక్కి వెళ్లింది. నాకు ఆవిడ కనబడడం లేదు. బండ వెనక నుంచి "నా ఇల్లే అదీని" అని వినబడింది. "గిట్లంటుండె. నువ్వు గా బండ ఎనక, గీ తలుపు ఎనక దేవులాడుకుంట, నువ్వు గూడ నా ఇల్లే, నా ఇల్లే అనుకుంట తిరుగుతుండె."

సిస్టర్ చెయ్యి పట్టుకున్నాను. "అంటే ఏంది?"

"నేనిక్కడనే ఉన్న అని. ఇల్లి అంటే ఇక్కడ. తెలుగుల ఇల్లు గాదు మేడం గది."

బండకు ఆనుకుని కూలబడ్డాను. అయ్యో అమ్మా, అనుకున్నాను. కొత్త ఇంట్లో తలుపు తలుపునా నేను వెతికింది ఆ మనిషిని. నలభై ఏళ్లుగా అమ్మ ఊరంతా చెప్పుకుని మురిసిపోయిన మాట ఇంకొక తల్లిని పిలిచిన పిలుపు.

"ఆమె ఏమైంది?" అని అడిగాను.

"నిన్ను తీస్కపోయినంక ఒక్కసారి సూసొస్తనని వికారాబాద్ పోయింది. పోయినట్టు రాలే. మాట బందువెట్టింది. మొగనితోని లేదు, మాతోని లేదు, సైగలే. ఒక్కసారి నేను గట్టిగ అడిగితే, నా గొంతు ఆడనే ఉండిపోయింది అన్నది. గంతే. పోయేదాంక మల్ల నోరిప్పలే."

ముసలావిడ నన్ను ఇంకొకసారి మాట్లాడమంది. లోపల కోడలు వద్దని సైగ చేస్తోంది. నేను మాట్లాడలేదు. దండం పెట్టి వచ్చేశాను.

రైల్లో నా కోపం ఎవరి మీదో నాకే తెలియలేదు. నాన్న మీదా, సాకని నాయనమ్మను అడ్డం పెట్టిన అమ్మ మీదా, ముసలితనంలో ఆ బండల మధ్య నోరు మూసుకుని పోయిన మనిషిని నాకు చూపించనివాళ్లందరి మీదా. నిలదీయాలనుకున్నాను. కానీ నిలదీస్తే ఆ మాట బయటికొస్తుంది. దాని అర్థం చెబితే అమ్మ చేతిలో ఏం మిగులుతుంది? ఆవిడ దగ్గరున్నది అదొక్కటే. వికారాబాద్‌లో దిగేటప్పటికి నిశ్చయించుకున్నాను, చచ్చినా చెప్పకూడదని. నా నోటికి అంతకంటే పెద్ద శిక్ష లేదు.

తర్వాత ఇంట్లో అన్నింటికీ కస్సుమంటూనే ఉన్నాను. చారులో ఉప్పెక్కువైందని ఒకసారి, ఫ్యాను చప్పుడు చేస్తోందని ఒకసారి. "పుట్టుకతోని వచ్చిన బుద్ధి పుడకలతోని గాని పోదు" అని అమ్మ గొణిగింది. ఎవరి పుట్టుక, ఎక్కడి బుద్ధి అని నోటిదాకా వచ్చి మింగేశాను. అమ్మ నా వైపు కాసేపు చూసి వంటింట్లోకి వెళ్లింది.

ఒక ఆదివారం పొద్దున, ఎండ బాగా ఎక్కాక, ఒక పేషెంటు కోడలు ఫోను చేసింది. చెవి మిషను కీచుమంటోందని, మామ భయపడి పీకి పారేశాడని ఏడుపు గొంతుతో కన్నడలో చెప్పింది. అమ్మ పక్క గదిలో కందిపప్పు చాటలో పోసుకుని రాళ్లేరుతోంది. ఇంట్లో నేనెప్పుడూ కన్నడ మాట్లాడలేదు, ఆ రోజు మరిచిపోయాను. అంజబ్యాడవ్వా, అళబ్యాడ, నాళె బా, అన్నాను. భయపడకమ్మా, ఏడవకు, రేపు రా.

పక్క గదిలో చాట జారిపడింది. పప్పు నేల మీద పరుచుకున్న చప్పుడు వినబడింది. తర్వాత ఏ చప్పుడూ లేదు.

తిరిగి చూస్తే అమ్మ తలుపులో నిలబడి ఉంది. పట్టపగలు, ముఖం పూర్తిగా కనబడకుండా కొంగు కిందికి లాక్కుని ఉంది. అమ్మ ఎవరి ముందూ ముసుగు వేసుకోగా నేను చూడలేదు. ఆ కొంగు లోపలి నుంచి మాట వచ్చింది.

"అళబ్యాడ మగళ. నా ఇల్లే అదీని."

ఏడవకు బిడ్డా, నేనిక్కడే ఉన్నానని. ఆ గొంతు అమ్మది కాదు. ఫోనులో నేను విన్న గొంతు. చివర పైకి లేచి మెత్తగా వదిలేసే అదే రాగం, అక్షరం తేడా లేకుండా. ఫోను చేతిలోంచి ఎప్పుడు జారిందో తెలియదు. "అమ్మా!" అని కేకేశాను.

కొంగు పక్కకు తొలగింది. అమ్మ ముఖం పాలిపోయి ఉంది. చుట్టూ చూసింది, వీధి తలుపు వైపు చూసింది. "నువ్వేనా?" అంది. "ఆమె వచ్చిందనుకున్న బిడ్డా. మల్ల నిన్ను తీస్కపోను వచ్చిందనుకున్న."

కూర్చోబెట్టి నీళ్లిచ్చాను. అడగకుండానే చెప్పింది.

"తాండూరుల తెలుసుకున్నవ్ గదా. నువ్వు గట్ల సూస్తుంటేనే నాకు సమజైంది. గా మాట అర్థం నాకు మొదటి దినమే ఎరుక. మీ నాయిన రాత్రికి చెప్పిండు. తెల్లారి చుట్టాలు మల్ల నవ్వితే నేను గూడ నవ్విన. ఏం జెయ్యాలె మరి? నా బిడ్డ వేరే ఆమెను దేవులాడుతున్నదని చెప్పుకోవాల్నా?"

కింద పడ్డ ఫోను తీసి కట్టేశాను.

"నా మొకం సూస్తెనే ఏడ్సినవ్. తినలే, పండలే. నీకు నా మాట రాదు, నాకు నీ మాట రాదు. కన్నతల్లికి బిడ్డ మాట రాకపోవుడు ఏడనన్న ఉంటదా? గందుకే తాండూరు పోయిన. ఆమె దగ్గర్నే కూసొని నేర్చుకున్న. ఆమెనే నేర్పింది. ఏడ గుంజాలె, ఏడ ఇడువాలె, నేను తప్పంటే నవ్వుకుంట మల్ల చెప్పింది. పట్టుమని పది మాటలు. గంతకంటె నాకు కన్నడ రాదు. ఇంటికొచ్చి కొంగు కప్పుకొని గా మాటన్న. నువ్వు ఉరికొచ్చి ఒళ్లె పన్నవ్. కొంగు తీస్తె ఒకటే ఏడుపు. ఇగ తియ్యలే. ఆ వానకాలమంత నేను ఆమెనే. నా బిడ్డకు నేను మొకం లేకుంట బువ్వ తినిపిచ్చిన."

వంటింట్లో కుక్కర్ కూత వేసింది, ఇద్దరం లేవలేదు.

"అప్పుడొచ్చింది ఆమె. చెప్పకుంట వచ్చింది, జొన్నరొట్టెలు మూట గట్టుకొని. తలుపు గొళ్లెం పెట్టున్నది. నువ్వు నా ఒళ్లె ఉన్నవ్. బయటికెల్లి నా ఇల్లే అదీని అన్నది. నీతోని ఆట గదా ఆమెకు. నువ్వు లేచినవ్. తలుపు దిక్కు పోతున్నవ్. నా పానం పొయ్యింది బిడ్డా. నేను గూడ అన్న. ఆమె నేర్పినట్టే అన్న."

"ఆమె విన్నదా?"

"ఇన్నది. నువ్వు నడుమ నిలబడ్డవ్. గటు సూసినవ్, గిటు సూసినవ్. ఆమె మల్ల అనలే. బయట సప్పుడే లేదు. తన గొంతు లోపటికెల్లి వస్తుంటె ఏమంటది? నువ్వు జరసేపు సూసి నా దిక్కొచ్చినవ్. ఆనాడే కొంగు తీసిన, నువ్వేడ్వలే. తలుపు తీసి సూస్తె మూట గడప మీద ఉన్నది. మనిషి లేదు."

ఆ తర్వాత ఆమె పోయేదాకా నోరు విప్పలేదన్న సంగతి నేను చెప్పకుండా ఉండాల్సింది. కానీ నా కోపం నాకంటే ముందు నడుస్తుంది. చెప్పేశాను. అమ్మ ఏడవలేదు. నేల మీది పప్పు గింజలను ఒక్కొక్కటే ఏరి కొంగులో వేసుకుంది. చాలాసేపు అదే పని చేసింది.

"ఒక్క మాటన్న అనకపాయె" అంది చివరికి. "తలుపు బాదినా, మన్ను వోసినా నాకింత బాధ ఉండకపోవు. ఎన్నేండ్లయింది, తలుపు కొట్టినప్పుడల్ల తిట్లకోసమే సూస్తున్న. బిడ్డా, నువ్వు తిట్టు. నీ నోట్లె ఉన్నది ఆమెనే గదా. గా గొంతుతోని నన్ను ఒక్కసారి తిట్టు."

"పిచ్చా నీకు?" అన్నాను.

"తిట్టు" అంది. ఏరిన గింజలు పక్కన పోసి, కొంగు ముఖం మీదికి లాక్కుని, నా ఎదురుగా తల వంచుకుని కూర్చుంది.

నాకు కోపం లేదని చెబితే అబద్ధం. రెండున్నరేళ్లు నాకు పాలిచ్చిన మనిషిని గడప దాటనివ్వలేదన్న కోపం అప్పుడే, అక్కడే, గొంతులో ఉడుకుతోంది. కన్నడ తిట్లకూ కొదవ లేదు. తాండూరు బస్టాండు దగ్గర ఆటోవాళ్లు ఒకరినొకరు తిట్టుకుంటూ రోజూ నేర్పుతూనే ఉన్నారు. ఒకటి ఎంచుకుని నోరు తెరిచాను. మాట వచ్చింది, కరుకు రాలేదు. చివర అది లేచి మెత్తగా దిగిపోయింది, పిల్లను పిలిచినట్టు. ఇంకొకటి అన్నాను, అంతకంటే పచ్చిది. అదీ అంతే. పళ్లు కొరికి, పిడికిళ్లు బిగించి అన్నాను. ఆ పాడుమాట నా చెవులకే లాలిపాటలా వినబడింది. కొంగు కింద అమ్మ భుజాలు కదులుతున్నాయి.

"గట్ల గాదు. మంచిగ తిట్టు" అంది.

"వస్తలేదమ్మా" అన్నాను. నిజంగానే రావడం లేదు. ఆ భాషలో నన్నెవరూ ఎన్నడూ తిట్టలేదు.